పాత ఫోటోల పెట్టె దొరికింది, పేర్లు చెప్పేవాళ్లు ఇద్దరే మిగిలారు

వెన్నెలనీడ:

అందరికీ నమస్కారం. అమ్మమ్మ ట్రంకు పెట్టె నా దగ్గరికి వచ్చింది. అందులో రెండు అట్టపెట్టెల నిండా ఫోటోలు, కాగితపు కవర్లలో నెగటివులు, జిగురు పేజీల ఆల్బమ్ ఒకటి ఉన్నాయి. అమ్మమ్మ లేదు, అమ్మా లేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో ఇప్పుడు పెద్దమ్మ, మావయ్య మాత్రమే ఉన్నారు. పెద్దమ్మకి చూపు తగ్గుతోంది. అందుకే నాకు టెన్షన్‌గా ఉంది.

ఒక ఫోటో దగ్గరే ఆగిపోయాను. కుర్చీలో తాతయ్య, పక్క కుర్చీలో అమ్మమ్మ, ఆవిడ ఒళ్లో నెలల బిడ్డ. తాతయ్య మోకాలి మీద చెయ్యి వేసి ఐదేళ్ల పిల్లాడు నిలబడ్డాడు. ఆ పిల్లాడు చిన్నప్పుడే జ్వరంతో పోయిన తమ్ముడని పెద్దమ్మ అంది. అది నేనే అని మావయ్య అంటున్నాడు. మావయ్య చిన్నప్పటి ఫోటో ఇంట్లో ఇంకొకటి లేదు. ఫోన్‌లో దాని కాపీ పెట్టుకుని మనవలకి చూపిస్తుంటాడు కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు శుభ్రం చెయ్యాలా, స్కాన్ చెయ్యాలా, వాళ్లని కూర్చోబెట్టి అడగాలా?

తీరికవేళ:

అడగండి. మిగతావన్నీ ఆగుతాయి. ఫోటో ఇంకో పదేళ్లు పెట్టెలో ఉన్నా ఉంటుంది, మీ పెద్దమ్మ జ్ఞాపకం అలా ఉండదు.

మా ఇంట్లో పెద్దవాళ్లతో ఈ పని చేశాను కాబట్టి నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకండి. కలిసి ఉంటే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నిలుస్తుంది, రెండోవాళ్లు "అవునేమోలే" అని సర్దుకుంటారు. విడివిడిగా అడగండి, ఒక్కో ఫోటోనే బయట పెట్టండి. మొదటి ప్రశ్న "ఇది ఎవరు?" అని వద్దు. పేరు గుర్తు రాకపోతే అక్కడే కంగారుపడి, "నాకేం గుర్తు లేదమ్మా" అని మూసేస్తారు. "ఇది ఏ గది?", "కుర్చీ మనదేనా?", "వెలుతురు ఎటునుంచి వస్తోంది?" అని మొదలుపెట్టండి. చోటు గుర్తొస్తే అందులో తిరిగిన మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఫోటో ఎవరు తీశారు? ఆ రోజు ఇందులో ఎవరు లేరు? రెండో ప్రశ్నకి వచ్చే జవాబులు ఒక్కోసారి ఫోటోలో ఉన్నవాళ్ల గురించి చెప్పేవాటికన్నా విలువైనవి.

ఫోన్‌లో మాటలు రికార్డ్ చెయ్యండి, కానీ ముందే చెప్పి. "ఇందాకటి ఫోటో" అంటే తర్వాత వినేటప్పుడు ఏ ఫోటోనో తెలియదు. ప్రతి ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఒక మూలన చిన్న నెంబరు వేసి, ఆ నెంబరు పైకి చదివి మాట్లాడించండి. అలసిపోయారనిపిస్తే ఆపేయండి.

గాజుపలక:

తీరికవేళ గారు చెప్పింది సరైనదే. కానీ ఆ పెట్టెలో ఆగనిది ఒకటి ఉంది. నెగటివుల కవర్లు తెరిచి వాసన చూడండి, ముక్కు దగ్గరగా పెట్టకుండా. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అవి ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్ములు, పాడవడం మొదలైంది. అందులోంచి వచ్చే ఆమ్లమే ఆ పాడవడాన్ని ఇంకా వేగం చేస్తుంది, పక్కనున్నవాటికీ హాని. వాసన వచ్చేవాటిని ఈరోజే వేరు చేసి చల్లటి, పొడి చోట పెట్టండి, ముందు వాటినే స్కాన్ చేయించండి.

ఫిల్ము అంచున "సేఫ్టీ" అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే, అందులోనూ పసుపు తిరిగి జిగటగా ఉంటే, నైట్రేట్ ఫిల్ము కావచ్చు. దానికి మంటలు తేలిగ్గా అంటుకుంటాయి. నైట్రేట్ ఫిల్ము తయారీ 1950ల మొదట్లో ఆగిపోయింది, కానీ పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతూనే ఉంది. వేడి బల్బు ముందు పట్టుకుని చూడకండి. అలాంటివి ఎక్కువగా ఉంటే ఇంట్లో దాచడం మంచిది కాదు, భద్రపరచడం తెలిసినవాళ్లని అడగండి.

శుభ్రం చేయడం మాత్రం వద్దు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడం వరకు చాలు. తడిగుడ్డ తగిలితే ఫోటో మీది జెలటిన్ పొర ఉబ్బుతుంది, అంటుకుంటుంది, బొమ్మే లేచిపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నవాటిని గోటితో పెకలించకండి. మైనం లేని పళ్ల దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫోటో కిందుగా నెమ్మదిగా లాగితే చాలావరకు వస్తాయి. రానివి పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి.

కొత్తపాఠకుడు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వెనక ఏమీ రాసి లేని ఫోటో ఏ కాలానిదో ఫోటోని చూసే చెప్పొచ్చా? మా దగ్గరా ఇలాంటివి చాలా ఉన్నాయి.

గాజుపలక:

సంవత్సరం చెప్పలేం కానీ దశాబ్దం దరిదాపులకి చాలాసార్లు వెళ్లొచ్చు. ముందు బొమ్మని మర్చిపోయి వస్తువుని చూడండి.

అద్దంలా మెరుస్తూ, ఒక కోణంలోనే బొమ్మ కనిపించే వెండి పూత రాగిరేకు అయితే అది డాగ్యురోటైప్, 1839లో లోకానికి ప్రకటించిన పద్ధతి. 1860 దాటాక దాదాపు కనిపించదు. ఇనుప రేకు మీద ఉన్నది టిన్‌టైప్, అయస్కాంతం అతుక్కుంటుంది, 1850ల నుంచీ ఉంది. ఈ రెండింటిలోనూ బొమ్మ కుడిఎడమలు తారుమారై ఉంటుంది. ఎడమ చేతి ఉంగరం కుడి చేతికి కనిపిస్తుంది. దాన్ని చూసి "ఈయన ఎడమచేతి వాటం" అని కథ అల్లిన ఇళ్లున్నాయి.

మందపాటి అట్టకి అతికించిన చిన్న ఫోటో, సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 పొడవు ఉంటే కార్ట్ ద విజిట్ అంటారు. డిస్డెరి అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ 1854లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. దానికన్నా పెద్ద అట్ట, సుమారు 11 బై 16.5 ఉంటే క్యాబినెట్ కార్డు, 1860ల రెండో సగంలో వచ్చింది, ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లదాకా నడిచింది. గుండ్రటి చిన్న బొమ్మ అయితే 1888లో వచ్చిన మొదటి కొడాక్ కెమెరా కాలం దగ్గరిది కావచ్చు. 1900లో బ్రౌనీ అనే చవక కెమెరా వచ్చాక మామూలు ఇళ్లలో కూడా పిల్లలు, వంటగది, పెరడు ఫోటోల్లోకి వచ్చాయి. అంతకుముందు ఎక్కువగా స్టూడియోలే.

నలుపు తెలుపు ఫోటో నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, పక్కకి వంచితే వెండిలా మెరుస్తుంటే అది జెలటిన్ సిల్వర్ ముద్ర (ప్రింటు). ఇరవయ్యో శతాబ్దపు కుటుంబ ఫోటోల్లో ఎక్కువ భాగం ఇవే. ప్లాస్టిక్‌లా జారే కాగితం అయితే సుమారు 1970 తర్వాతది. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే కాగితం నీలంగా వెలిగితే 1950ల తర్వాత తయారైన కాగితం. వెలగకపోతే మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి, అలాంటి కాగితం తర్వాత కూడా ఉంది. ఎర్రబారిన కలర్ ఫోటోలు చాలావరకు 1960లు, 70లవి. వాటిలో నీలి ఛాయ రంగు ముందుగా పోయి ఎరుపు మిగిలింది.

ఇదంతా చెప్పాక ముఖ్యమైన మాట. కాగితం చెప్పేది ముద్ర వేసిన కాలం, ఫోటో తీసిన కాలం కాదు. పాత ఫోటోని మళ్లీ ఫోటో తీసి బంధువులకి పంచడం మామూలే. బొమ్మలోనే మడత గీతలు, పాత అంచు కనిపిస్తున్నా వేలికి మాత్రం గీత తగలకపోతే అది నకలు.

వెన్నెలనీడ:

గాజుపలక గారూ, చాలా థాంక్స్. ఒక కవరు వాసన వచ్చింది, వేరు చేశాను. నేను చెప్పిన ఫోటోకి అంచుల్లో ఆ వెండి మెరుపు ఉంది. వెనక నీలి పెన్సిల్‌తో ఒక నెంబరు ఉంది, అమ్మమ్మ రాత కాదు.

పెద్దమ్మతో విడిగా కూర్చున్నాను. "తమ్ముడికి ఆ రోజు ఎర్ర చొక్కా వేశారు, నాకు బాగా గుర్తు" అంది. కానీ ఫోటోలో పిల్లాడి చొక్కా నల్లగా ఉంది, ముదురు బూడిద కూడా కాదు, నలుపే. అంటే ఆవిడ జ్ఞాపకం తప్పేనా? అడగడానికే మనసు రాలేదు.

గాజుపలక:

తప్పని అనడానికి లేదు. పాత ఫిల్ములు చాలావాటికి ఎరుపు కనిపించదు. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము అంటారు. ఎరుపు నల్లగా, లేత నీలం దాదాపు తెల్లగా వస్తాయి. అన్ని రంగులనీ గ్రహించే పాంక్రోమాటిక్ 1906 నుంచే ఉన్నా, ఆర్థో చాలాకాలం వాడుకలో ఉంది. ఇళ్లలో బాగా వాడిన కొడాక్ వెరిక్రోమ్ ఫిల్ము కూడా 1956 దాకా ఆర్థోనే. పాత ఫోటోల్లో పెదాలు ముదురుగా, ఆకాశం వెలిసిపోయినట్టు ఉండటానికి అదే కారణం. నల్లగా కనిపిస్తున్న చొక్కాని ఆవిడ ఎరుపు అనడం నాకైతే నమ్మకం పెంచుతోంది. ఫోటో చూసి ఊహించి చెప్పేవాళ్లు నలుపనే అంటారు.

శేషపత్రం:

ఆ ఫోటోలో అందరూ పిల్లాడినే చూస్తున్నారు. నేనైతే ఒళ్లో బిడ్డని చూస్తాను. ఐదేళ్ల పిల్లాడు నాలుగేళ్లవాడు కావచ్చు, ఏడేళ్లవాడూ కావచ్చు. నెలల బిడ్డ వయసులో అంత తేడా రాదు. ఆ బిడ్డ ఎవరో తేలితే ఫోటో సంవత్సరం దాదాపు తేలిపోతుంది.

ఒక కాగితం మీద మీ పెద్దమ్మ, ఆవిడ తోబుట్టువుల పుట్టిన సంవత్సరాలు వరుసగా రాయండి. స్కూలు సర్టిఫికెట్టు, జనన ధ్రువీకరణ లాంటి రాతపూర్వక ఆధారం ఉన్నవి ఒక పక్క, ఎవరో చెప్పినవి ఇంకో పక్క. చాలామందికి స్కూల్లో వేసిన పుట్టినతేదీ అసలు తేదీ కాదు, కాబట్టి దాని పక్కన కూడా ఒక గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ ఫోటో తీసేనాటికి ఎవరు పుట్టి ఉండాలి, ఎవరు పుట్టి ఉండకూడదు అని చూడండి.

వెనక ఉన్న నీలి పెన్సిల్ నెంబరు స్టూడియోవాళ్లది అయ్యుంటుంది. పెట్టెలో మిగతా ఫోటోలన్నీ తిరగేసి దాని ముందూ వెనకా నెంబర్లు వెతకండి. డబ్బిచ్చి స్టూడియోకి వెళ్లినవాళ్లు ఒక్క ఫోటోతో రావడం తక్కువ. అదే తెర, అదే కుర్చీ ఉన్నవి కూడా పక్కన పెట్టుకోండి.

నిదానం:

నేను మనస్తత్వశాస్త్రం చదివాను, ఆ వైపు నుంచి ఒక మాట. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఫోటో మనకి జ్ఞాపకాన్ని తెస్తుంది, కొత్తగా తయారుచేస్తుంది కూడా.

2002లో కింబర్లీ వేడ్, మేరియాన్ గ్యారీ, ఇంకో ఇద్దరు కలిసి ఒక ప్రయోగం చేశారు. 20 మంది పెద్దవాళ్ల చిన్నప్పటి ఫోటోలు ఇంటివాళ్ల దగ్గర తీసుకుని, అందులో ఒకదాన్ని మార్చి, వాళ్లు చిన్నప్పుడు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు చేశారు. అసలు వాళ్లెవరూ ఎక్కలేదు. మూడు ఇంటర్వ్యూలు అయ్యేసరికి వాళ్లలో సగం మందికి ఆ ప్రయాణం ఎంతోకొంత "గుర్తొచ్చింది". 2005లో గ్యారీ, వేడ్ మళ్లీ చూస్తే, మార్చిన ఫోటో కన్నా మాటల్లో చెప్పిన కథే ఇంకా ఎక్కువ మందికి లేని జ్ఞాపకం తెచ్చింది.

కాబట్టి పెద్దమ్మ చెప్పింది మావయ్యకి, మావయ్య చెప్పింది పెద్దమ్మకి చేరవేయకండి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫోటో చూస్తూ, ఏ మాటల్లో చెప్పారో అలాగే రాయండి. "ఇది ఫలానా" అని మీ మాటగా రాసేస్తే రేపు మీ పిల్లలకి అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

తీరికవేళ:

నిదానం గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ పెద్దవాళ్ల మాటని ఒక సాక్ష్యంలా మాత్రమే చూడటం నాకు బాధగా ఉంటుంది. మా అమ్మ ఒక ఫోటో చూసి సంవత్సరం తప్పు చెప్పింది, ఇల్లు కూడా తప్పు చెప్పింది. కానీ ఆ గదిలో తను ఎవరికి భయపడేదో, ఎవరి పక్కన పడుకునేదో, ఎవరు వస్తే ఇల్లంతా నిశ్శబ్దమయ్యేదో చెప్పింది. ఏ సర్టిఫికెట్టులోనూ అది లేదు, ఉండదు. తేదీ సరిచేద్దామని నేను మధ్యలో మాట్లాడి ఉంటే ఆ మాటలేవీ వచ్చేవి కావు.

వెన్నెలనీడా, మీరు విచారణ చేస్తున్నట్టు వాళ్లకి అనిపించకూడదు. అంతే నేను కోరేది.

నిదానం:

ఒప్పుకుంటాను. సరిచూసుకోవడం మన పని, వాళ్ల ముందు చేసేది కాదు. విన్నంతసేపూ వినడమే.

మూడోతరం:

స్కానింగ్ గురించి. ముద్రలకి 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని), మరీ చిన్న ఫోటో అయితే 1200. నెగటివులకి కనీసం 2400. అసలు ఫైలు, వివరం పోకుండా దాచే టిఫ్‌లో ఉంచుకోండి, వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్ కాపీ తీసుకోండి. జేపెగ్‌ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. అంచులు కత్తిరించకండి, కొన్ని ల్యాబుల్లో నెలా సంవత్సరం తెల్ల అంచు మీదే ముద్రించేవారు. వెనకవైపు కూడా స్కాన్ చెయ్యండి, ఖాళీగా కనిపించినా సరే. చెరిగిపోయిన పెన్సిల్ రాత కాంట్రాస్ట్ పెంచితే బయటపడొచ్చు.

పేర్లు, ఎవరు చెప్పారన్నది ఫోటో ఫైల్లోనే, బొమ్మతోపాటు దాగి ఉండే ఐపీటీసీ వివరాల్లో రాయొచ్చు. అయితే వాట్సాప్ లాంటివాటిలో పంపితే అవి ఊడిపోవచ్చు, అందుకని విడిగా ఒక పట్టిక కూడా ఉంచుకోండి. మొత్తానికి మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో.

ఇంకొకటి, దయచేసి. మసక ముఖాలని "స్పష్టం" చేసే ఏఐ యాప్‌ల ఫలితాన్ని పెద్దమ్మకీ మావయ్యకీ చూపించకండి. ఫోటోలో లేని వివరాన్ని అవి తిరిగి తీసుకురాలేవు. వేల ముఖాలు చూసి నేర్చుకున్నదాన్నిబట్టి కొత్త కళ్లు, కొత్త పెదాలు గీస్తాయి. మీరు గుర్తుపట్టమని అడుగుతున్నది అప్పుడు లోకంలో లేని ముఖాన్ని.

కొత్తపాఠకుడు:

మా నాన్న చిన్నప్పటి ఫోటోకి అలా రంగులు వేయించి ఇస్తే ఆయన ఎంత సంతోషపడ్డారో. అది కూడా తప్పంటారా?

మూడోతరం:

తప్పు ఎందుకవుతుంది? నాన్నగారికి ఇవ్వండి, గోడకి పెట్టండి. ఫైలు పేరులో "రంగులు వేసినది" అని రాయండి, అసలుదాన్ని పక్కనే ఉంచండి. చొక్కా ఎరుపా నీలమా అన్నది మాత్రం ఆ యాప్‌ని అడిగి తేల్చకండి. ఇందాక గాజుపలక గారు చెప్పింది చూశారుగా, ఎర్ర చొక్కాని అది నల్లదిగానే ఉంచేస్తుంది.

వెన్నెలనీడ:

శేషపత్రం గారూ, తర్వాతి నెంబరు దొరికింది. పెట్టె అడుగున ఇంకో ఫోటోకి అతుక్కుని ఉంది. అదే తెర, అదే కుర్చీ, కుర్చీలో ఆ బిడ్డ ఒక్కతే. వెనక అమ్మమ్మ చేతిరాతతో మా అమ్మని ఇంట్లో పిలిచే పేరు, దాని కింద "ఆరో నెల" అని ఉంది.

ఒళ్లో ఉన్నది మా అమ్మ. ఇన్నాళ్లూ ఆ ఫోటోలో పిల్లాడి గురించే అడుగుతూ వచ్చాను, అమ్మ అక్కడే ఉంది. అమ్మ పసితనపు ఫోటో ఒకటుందని కూడా నాకు తెలియదు. చాలాసేపు ఇంకేమీ చెయ్యలేకపోయాను.

అమ్మ పుట్టిన సంవత్సరానికి ఆసుపత్రి కాగితం ఉంది. మావయ్య అమ్మకన్నా రెండేళ్లు చిన్న. అంటే ఈ ఫోటో తీసేనాటికి మావయ్య పుట్టనేలేదు. పిల్లాడు పెద్దమ్మ చెప్పిన తమ్ముడే. ఆ రోజు ఎవరు లేరని అడిగితే "నేనే లేను, చదువు కోసం నన్ను ఆ రోజే వేరే ఇంటికి పంపేశారు" అంది పెద్దమ్మ. "నేను బయల్దేరే ముందు వాడికి ఆ చొక్కా గుండీలు పెట్టింది నేనే" అని కూడా అంది.

ఇప్పుడు మావయ్యకి ఎలా చెప్పను? ఆయనకున్న ఒక్క చిన్ననాటి ఫోటో అది. అసలు చెప్పాలా?

శేషపత్రం:

రికార్డులో నిజం ఉండాలి, అందులో సందేహం లేదు. ఆయనకి చెప్పడం వేరే సంగతి, అది మీరు ఆయన్ని చూసి నిర్ణయించుకోవాల్సింది. ఆ ఫోటో ఆయన మనవల దగ్గరికి కూడా వెళ్లింది కాబట్టి ఎప్పటికో ఒకప్పుడు ఎవరో ఒకరు సంవత్సరాలు లెక్క వేస్తారు. బయటివాళ్ల నోటినుంచి తెలియడం కన్నా మీ నోటినుంచి తెలియడం మేలనుకుంటాను.

తీరికవేళ:

చెప్పకండి, అడగండి. "ఈ ఫోటో నీదని నీకు మొదట ఎవరు చెప్పారు మావయ్యా?" అని. ఆ తర్వాత ఆయన ఎంతవరకు వెళ్తే అంతవరకు వెళ్లండి.

వెన్నెలనీడ:

అలాగే అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా అమ్మమ్మ ఆ ఫోటో తీసి, తలగడ పక్కన పెట్టుకుని, "నువ్వూ అచ్చం ఇలాగే ఉన్నావురా" అనేదట. ఎవరిలాగా అని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదట, తను ఎప్పుడూ అడగలేదట.

కుర్చీలో అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో చూపించి, వెనక రాత చదివాను. తిప్పి తిప్పి చూశాడు. లెక్క నేను చెప్పలేదు, ఆయనే వేసుకున్నాడు. "అయితే అమ్మ నాకు జ్వరమొస్తే వాణ్ణి చూసుకునేదన్నమాట" అన్నాడు. తర్వాత పెద్దమ్మకి ఫోన్ చేసి, ఆ అన్న ఎలా మాట్లాడేవాడో చెప్పమన్నాడు. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. ఇంతకుముందు ఆ పిల్లాడి గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదట. ఫోన్‌లో ఆ ఫోటో మాత్రం తీసెయ్యలేదు.

నిదానం:

ఆవిడ అన్న ఒక్క మాట చుట్టూ ఆయన జ్ఞాపకం పెరిగింది. నేను పైన చెప్పిన 2005 ప్రయోగం దీనికి దగ్గరగా ఉంది. కానీ మీ అమ్మమ్మ జ్వరం పక్కన కూర్చుని ఎంత భయపడి ఉంటుందో చెప్పడం ఏ ప్రయోగం వల్లా కాదు. మీ పట్టికలో మావయ్య మొదట చెప్పినది కొట్టెయ్యకండి. అది ఎలా పుట్టిందో దాని పక్కనే రాయండి.

వెన్నెలనీడ:

రాశాను. పెద్దమ్మ మాట, మావయ్య మాట, అమ్మమ్మ చేతిరాత, రెండు నెంబర్లు, ఆసుపత్రి కాగితం, అన్నీ విడివిడిగా, ఎవరు ఎప్పుడు చెప్పారో తేదీలతో. జ్వరం సంగతి మావయ్యని అడిగే రాశాను.

గాజుపలక:

ఆ రెండు ఫోటోల నెగటివులు స్టూడియో ఇచ్చి ఉండదు కానీ, కవర్లన్నీ ఒకసారి చూడండి. నెగటివ్ ఉంటే పిల్లాడి ముఖం ముద్రలో కన్నా చాలా స్పష్టంగా ఉంటుంది. ఏ యాప్ అక్కర్లేదు. అతుక్కుని ఉన్న రెండో ఫోటోని విడదీసేటప్పుడు ఉపరితలం లేచిందా?

వెన్నెలనీడ:

ఒక మూల కొంచెం లేచింది, ముఖానికి దూరంగా. దాన్ని ముట్టుకోకుండా గట్టి అట్టల మధ్య పెట్టాను. వాసన వచ్చిన కవరు ఎల్లుండి స్కానింగ్‌కి వెళ్తోంది. ఆదివారం పెద్దమ్మ దగ్గరికి మావయ్య కూడా వస్తానన్నాడు, ఈసారి ఇద్దరూ కలిసే చూస్తామన్నారు. విడిగా అడగాల్సినవి శనివారం లోపు అడిగేస్తాను. పెద్ద గ్రూప్ ఫోటో ఒకటుంది, వెనక వరుసలో సగం మంది ఎవరో తెలియదు. దాన్ని పెద్దమ్మకి కనిపించేలా ముఖం ముఖంగా పెద్దది చేసి ప్రింటు తీయిస్తున్నాను.